యాంటెన్నాల సాళ్లు



ఈ సభలో మా అయివారి పేరుమీద మాట్లాడమని వాళ్ల అబ్బాయి ఫోన్ చేసినప్పుడు, ఏ విషయం మీద అని నేను అడగలేదు. ఆయన చెప్పిన ఒక్క పాఠం నాకు నలభై ఏళ్ల ఉద్యోగానికి సరిపోయింది. ఇక వేరే విషయం ఎందుకు?

ఆ పాఠం జరిగింది బడిలో కాదు. అయివారి ఇంటి వెనక ఎనుములు నీళ్లు తాగే సిమెంటు తొట్టి దగ్గర. అలల పాఠానికి చెరువుగట్టుకు తీసుకుపోతానని ఆయన ముందే మాటిచ్చారు. ఆ యేడు చెరువులో నీళ్లు లేవు. నెర్రెలిచ్చిన నేలమీద పిల్లలు గిల్లీదండ ఆడుతున్నారు. అందుకని తొట్టి. నా చేతికో గరిటె, మా తోటివాడి చేతికో గరిటె ఇచ్చి, జానెడు ఎడంగా నిలబెట్టి, ఇద్దరూ ఒకే తాళంలో నీళ్లను తట్టండన్నారు. రెండు గరిటెల నుంచి లేచిన అలలు కలిసి తిన్నగా ఎదుటి గోడకు పోయాయి. పక్కల కొన్నిచోట్ల మాత్రం నీళ్లు కదలకుండా నిలిచిపోయాయి, నూనె పోసినట్టు. తర్వాత నన్ను ఉండమని, "నువ్వు వాడికంటే రవంత ఆలస్యంగా తట్టు" అన్నారు. అలల దారి నా వైపుకు వంగింది. నేను జరగలేదు, వాడు జరగలేదు, గరిటెలూ జరగలేదు. "చూసినారా, ఎవరూ తిరగలేదు, అల తిరిగింది" అన్నారాయన.

ఫేజ్డ్ అరే అనే యాంటెన్నాల గుంపు చేసేది అంతే. ఆ తర్వాత నేను చదివిన పుస్తకాలన్నీ ఆ 'రవంత ఆలస్యం' ఎంత, దాన్ని ఎట్లా తేవాలి, ఎంత ఖర్చులో తేవాలి అన్న మూడు ప్రశ్నల చుట్టూ తిరిగినవే. జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ ఫెర్డినాండ్ బ్రాన్ 1905లోనే మూడు యాంటెన్నాలను త్రిభుజంగా నిలబెట్టి, ఒకదానికి కరెంటు ఆలస్యంగా అందేట్టు చేసి, రేడియో అలను తాను కోరిన దిక్కుకు మళ్లించాడు. 1909లో మార్కోనీతో కలిసి నోబెల్ అందుకున్నది ఆయనే. మామూలు రాడార్‌లో పళ్లెంలాంటి డిష్ ఉంటుంది. కొత్త దిక్కు చూడాలంటే మోటారు పెట్టి ఆ పళ్లేన్నే తిప్పాలి. అరేలో తిరిగేదేదీ లేదు. చిన్న చిన్న యాంటెన్నాలు సాళ్లలో నిలబడి ఉంటాయి. ఒక్కోదానికి అందే సంకేతాన్ని కొద్దికొద్దిగా ఆలస్యం చేస్తే బీమ్, అంటే అల పోయే దారి, దానంతటది వంగుతుంది. తిప్పడానికి మోటారుకు క్షణాలు పడితే, దీనికి సెకనులో లక్షో వంతు చాలు.

సాళ్లు అన్నాను. ఆ మాట ఉబుసుపోకకు వాడలేదు. మన శనక్కాయ విత్తే గొర్రును ఒక్కసారి తలుచుకోండి. గొర్రుమీద జడ్డిగం ఉంటుంది. ఒకమ్మ గొర్రు వెంట నడుస్తూ పిడికిలితో గింజలు అందులోకి వదులుతుంది. అడుగున ఉన్న రంధ్రాల్లోంచి గొట్టాల వెంట గింజలు దిగి, ఒక్కో పల్లు చీల్చిన సాలులో పడతాయి. గింజ అన్ని గొట్టాల్లోకీ సమంగా పోవాలంటే ఆమె చేతిలో ఒక లెక్క ఉండాలి. ఆ చెయ్యి తప్పితే ఒక సాలు ఒత్తుగా, ఇంకో సాలు పలచగా మొలుస్తుంది. నెల తర్వాత దోవన పోయేవాళ్లు చూసి ఎవరు విత్తిందో చెప్పేస్తారు. మైక్రోవేవ్ ఇంజనీరు పవర్ డివైడర్ అని పిలిచేది ఈ జడ్డిగాన్నే. ఒక చోట పుట్టిన శక్తిని పద్నారు దారుల్లో, ముప్పైరెండు దారుల్లో పంచాలి. ఎంత పంచాలో లెక్క, ఎప్పుడు అందాలో లెక్క. పంపకంలో చెయ్యి తప్పితే పైన బీమ్ ఆకారం చెడుతుంది, ఎక్కడ తప్పిందో తెలిసినవాడు పట్టేస్తాడు.

సాలుకూ సాలుకూ ఎడం ఎంత ఉండాలన్నది రెండో లెక్క. దీనికి మన అనంతపురం జిల్లాలో గార్లదిన్నె, నార్పల దోవలో బస్సెక్కి కిటికీ పక్కన కూచుంటే చాలు. చీనీ తోట పక్కనుంచి పోతుంటే చెట్ల వరసలు ఒక్కసారిగా తెరుచుకుని తోట ఆ చివరిదాకా తిన్నగా దారి కనిపిస్తుంది. బస్సు ఇంకొంచెం పోయేసరికి అది మూసుకుని ఏటవాలుగా ఇంకో దారి తెరుచుకుంటుంది. ఆ రెండో దారిని తోటవాడు వెయ్యలేదు, సమాన దూరంలో చెట్లు నాటితే అది దానికదే పుట్టింది. యాంటెన్నాలను మరీ ఎడంగా నాటినా ఇదే జరుగుతుంది. మనం చూడాలనుకున్న దిక్కుకే కాకుండా అడగని దిక్కుకూ బీమ్ తెరుచుకుంటుంది. ఇంజనీర్లు దాన్ని గ్రేటింగ్ లోబ్ అంటారు. ఎడం పెంచితే యాంటెన్నాలు తగ్గుతాయి, డబ్బు మిగులుతుంది. హద్దు దాటితే మిగిలిన డబ్బు దొంగ బీమ్‌కు ఖర్చవుతుంది. చవక డిజైను అనే మాటకు మొదటి పరీక్ష ఈ హద్దు దగ్గరే.

ఈ లెక్కలన్నీ నేలమీద ఎట్లా నిలబడతాయో చూడాలంటే మనం అమెరికా పోనక్కర్లేదు. అనంతపురం నుంచి గీత గీస్తే 220 కిలోమీటర్ల లోపు దూరంలో, తిరుపతికీ చిత్తూరుకూ నడుమ పాకాల దగ్గర, కొండల మధ్య గాదంకి అనే పల్లె ఉంది. అక్కడ నాలుగెకరాల పైచిలుకు నేలలో, 130 మీటర్ల పొడుగు, 130 మీటర్ల వెడల్పున, 1024 యాంటెన్నాలు నాటారు. అడ్డం 32, నిలువు 32. మన దేశపు ఎంఎస్‌టీ రాడార్ అది. మెసోస్ఫియర్, స్ట్రాటోస్ఫియర్, ట్రోపోస్ఫియర్ అనే మూడు గాలి పొరలను చూస్తుంది కాబట్టి ఆ పేరు. 1990ల ఆరంభంలో పని మొదలుపెట్టింది. దాని చుట్టూ పెరిగిన సంస్థే ఇవాళ జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల. ఆ రాడార్‌ను రూపొందించి కట్టింది ముంబైలోని సమీర్ సంస్థ. సమీరమంటే గాలి. గాలిని చూసే యంత్రానికి అంతకంటే తగిన పేరున్న మేస్త్రీ దొరకడు.

నేను మొదటిసారి అక్కడికి పోయినప్పుడు కొంత నిరాశపడ్డాననే చెప్పాలి. ఏదో బ్రహ్మాండం ఉంటుందనుకున్నాను. కనిపించింది గుంజల తోట. ప్రతి గుంజమీదా అల్యూమినియం కడ్డీలు. దూరదర్శన్ రోజుల్లో మన మిద్దెలమీద ఉన్నవాటికి అన్నదమ్ములు. పైన ఒకడెక్కి కడ్డీలు తిప్పుతూ "ఇప్పుడొస్తోందా?" అని అరిస్తే, కింద నట్టింట్లోంచి "రాలా, ఇంకొంచెం తిప్పు" అని ఇంటిల్లిపాదీ అరిచిన యాంటెన్నా ఇదే. యాగీ-ఉడా అంటారు. 1926లో జపాన్‌లోని సెండాయ్‌లో షింటారో ఉడా, హిడెత్సుగు యాగీ దాన్ని లోకానికి చెప్పారు. ఆ ఉడాగారు 1950లలో యునెస్కో తరఫున ఢిల్లీకి వచ్చి మన జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేశారని చాలామందికి తెలియదు. ఆయన కడ్డీలు తర్వాత వేయిన్ని ఇరవైనాలుగై గాదంకి నేలలో నాటుకున్నాయి.

కాసేపు ఆ గుంజల నడుమ నిలబడితే నా నిరాశ పోయింది. ఆ రాడార్ 53 మెగాహెర్ట్‌జ్ మీద నడుస్తుంది. అల పొడుగు 5.66 మీటర్లు. గుంజకూ గుంజకూ ఎడం దాదాపు 4 మీటర్లు. బీమ్‌ను నిట్టనిలువు నుంచి 20 డిగ్రీల దాకా వంచాలనుకుంటే, దొంగ బీమ్ రాకుండా ఉండే హద్దు 4.2 మీటర్లని లెక్క వస్తుంది. వేసింది ఆ హద్దుకు ఒక జానెడు లోపల. చీనీ తోట పాఠం అక్కడ నేలమీద అడుగులు వేసి కొలుచుకోవచ్చు. బీమ్ పది డిగ్రీలు వంచాలంటే పక్కపక్క సాళ్ల మధ్య ఫేజు తేడా 44 డిగ్రీలు రావాలి. అయివారు చెప్పిన 'రవంత ఆలస్యం' అదే. కాలంలో కొలిస్తే సెకనులో వంద కోట్లో వంతుకు రెండున్నర రెట్ల కంటే తక్కువ.

ఇంకో మాట. మొదట్లో ఆ రాడార్‌కు 32 పెద్ద ట్రాన్స్‌మిటర్లు ఉండేవి, సాలుకొకటి. అన్నీ కలిపి 25 లక్షల వాట్లు. అన్ని సాళ్లకూ సమానంగా ఇచ్చేవారు కాదు. నడిమి సాళ్లకు 120 కిలోవాట్ల దాకా, అంచు సాళ్లకు 15 కిలోవాట్లు. ఇది చెయ్యి తప్పిన జడ్డిగం కాదు, తెలిసి తప్పించిన చెయ్యి. అంచులు పలచగా ఉంటే బీమ్ పక్కలకు చిందడం తగ్గుతుంది. చుట్టూ ఉన్న కొండల నుంచి వచ్చే వృథా ప్రతిధ్వనులు తగ్గుతాయి.

ఇంత శక్తిని ఆకాశంలోకి పంపి ఆ రాడార్ దేన్ని చూస్తుంది? గాలినే. మబ్బును కాదు, వాన చుక్కను కాదు, నిర్మలమైన గాలిని. గాలి సుళ్లు తిరిగేచోట దాని వక్రీభవన గుణకం లక్షల్లో ఒక వంతు అటూఇటూ మారుతుంది. ఆ మార్పు అల పొడుగులో సగం, అంటే ఇంచుమించు 2.8 మీటర్ల ఎడంతో ఉన్నచోట్ల నుంచి పిసరంత శక్తి వెనక్కి వస్తుంది. పెరూ దేశంలోని హికమార్కా రాడార్‌తో వుడ్‌మన్, గియెన్ 1974లో ఇది సాధ్యమేనని చూపించారు. సెకనుకు 20 మీటర్ల గాలి వీస్తోందనుకోండి. పది డిగ్రీలు వంచిన బీమ్‌కు అందులో 3.5 మీటర్ల వంతే కనబడుతుంది. దానివల్ల తిరిగొచ్చిన సంకేతంలో మారేది 1.2 హెర్ట్‌జ్. ఐదు కోట్ల ముప్పై లక్షల్లో ఒకటింబాతిక. అది పట్టుకుంటే గాలి వేగం తెలిసినట్టే. నిలువుగా ఒకటి, తూర్పుకు వంచి ఒకటి, ఉత్తరానికి వంచి ఒకటి, మూడు దిక్కులు చూస్తే చాలు, గాలి ఎటు ఎంత పోతోందో ఎత్తు వారీగా పట్టిక వచ్చేస్తుంది.

ఈ గాలి సంగతి అనంతపురంవాళ్లకు ఎందుకు? నాకు తెలిసినంతలో దేశంలో గాలి గురించి ఇంతగా మాట్లాడుకునే జిల్లాలు తక్కువ. యేడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. పడమటి కనుమల వాన నీడలో ఉన్న నేల. జూన్, జులైలలో నైరుతి వచ్చిందని పేపర్లు రాస్తాయి, మనకు మాత్రం వచ్చేది పడమటి గాలి. తలుపులు కొట్టుకుంటాయి, రామగిరి కొండలమీద గాలిమరలు తిరుగుతాయి, మబ్బులు వానదేవుడికి పనున్నట్టు తూర్పుకు పరిగెత్తుతాయి. మా నాయన సాయంత్రం పూట అరుగుమీద కూచుని "ఈ గాలి పడితే గదరా వాన" అనేవాడు. గాలి తగ్గితేనే వాన అని ఆయన లెక్క. గాదంకి రాడార్లు వర్షాకాలంలో చూసినవాటిలో ముఖ్యమైనది ఈ గాలే. నేలకు కిలోమీటరున్నర, రెండు కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి దూసుకొచ్చే కింది జెట్. దానికి ఎంతో పైన, 16 కిలోమీటర్ల దగ్గర, సరిగ్గా ఎదురు దిక్కులో, తూర్పు నుంచి పడమటికి ఇంకో జెట్ వీస్తుంది. ఆ తూర్పు జెట్‌ను ప్రపంచానికి చూపించినవాడు మన పంచేటి కోటేశ్వరం. 1958లో ఆయన రాసిన వ్యాసం ఇప్పటికీ రుతుపవనాల మీద చదివేవాళ్లంతా తాకి పోయే మైలురాయి. ఆయనకు అప్పుడు ఉన్నవి బెలూన్లు. రోజుకు రెండు మూడుసార్లు ఎగరేసిన బెలూన్లు ఎటు కొట్టుకుపోయాయో చూసి గీసిన పటాలు. గాదంకిలో అదే గాలిని నిమిషాల వ్యవధిలో మళ్లీ మళ్లీ చూడొచ్చు.

మా నాయన లెక్క సరైనదేనా, ఎంత గాలి పడితే ఎంతసేపట్లో వాన, ఏ ఎత్తు గాలి పడాలి? ఇవి పిచ్చి ప్రశ్నలు కావు. వీటికి జవాబు కావాలంటే కొలత ఇక్కడ జరగాలి. గాదంకి గాలి గాదంకిది, మన గాలి మనది. మధ్యలో కొండలున్నాయి. వాన రాడార్ల సంగతీ అంతే. భూమి గుండ్రంగా ఉంది. హైదరాబాద్ నుంచి అనంతపురం గీత గీస్తే 320 కిలోమీటర్లు. అర డిగ్రీ ఎత్తున పోయే బీమ్ అంత దూరం వచ్చేసరికి నేలకు దాదాపు 9 కిలోమీటర్ల పైన ఉంటుంది. దాని కింద మన పొలంమీద కురిసే మబ్బు అంతా దాని చూపుకు అందదు. ఎంత పెద్ద రాడార్ అయినా దూరం పెరిగితే ఇంతే. భూమి వంపును డబ్బు పెట్టి సరిచెయ్యలేం. దగ్గర్లో చిన్నవి ఎక్కువ పెట్టుకోవడమే దారి. చిన్నవి ఎక్కువ అన్నామంటే చవకగా చెయ్యక తప్పదు.

ఇక అసలు విషయానికి వస్తాను. చవక అంటే నాసిరకం వస్తువు కొనడం అని మన ఇంజనీరింగ్ పిల్లలు అనుకుంటారు. కాదు నాయనా. ఎక్కడ నష్టం వచ్చినా పరవాలేదో, ఎక్కడ రవంత కూడా రాకూడదో తెలియడం చవక. ఇది నీళ్లు చూసినవాళ్లకు తేలిగ్గా అర్థమవుతుంది. బావి ఒకచోట, చేను రెండు మైళ్ల అవతల ఉంటే, మట్టి కాలువలో నీళ్లు సగం ఇంకిపోతాయి. ఎక్కువ నీళ్లు తోడటం ఒక దారి. కాలువకు సిమెంటు పూయడం ఇంకో దారి. మోటారును చేను దగ్గరే పెట్టడం మూడో దారి. మైక్రోవేవ్‌లోనూ సరిగ్గా ఈ మూడే.

బోర్డుల సంగతి చూడండి. ఎలక్ట్రానిక్ సర్క్యూట్లకు ఎక్కువగా వాడే పచ్చ బోర్డును ఎఫ్ఆర్-4 అంటారు. గాజు పీచు, ఎపాక్సీ కలిపి చేసింది. బెంగళూరు ఎస్పీ రోడ్డులోనో హైదరాబాద్ కోఠీలోనో ఎక్కడైనా దొరుకుతుంది, చవక. దీనిమీద 2.45 గిగాహెర్ట్‌జ్ సంకేతం 20 సెంటీమీటర్లు నడిస్తే బోర్డే దాదాపు ఒకటిన్నర డెసిబెల్ తినేస్తుంది. అంటే బయల్దేరిన శక్తిలో నాలుగో వంతుకు పైగా వేడిగా పోయినట్టు. అదే 10 గిగాహెర్ట్‌జ్ దగ్గరైతే అదే 20 సెంటీమీటర్లలో మిగిలేదే నాలుగో వంతు. ఇది మట్టి కాలువ. టెఫ్లాన్ కలిపిన ఖరీదైన బోర్డులున్నాయి, అవి చాలా తక్కువ తింటాయి. అది సిమెంటు కాలువ. మూడో దారి, మోటారు చేను దగ్గర పెట్టడం. ప్రతి యాంటెన్నా వెనకా ఒక చిన్న ఆంప్లిఫయర్ పెట్టేస్తే, పంపేటప్పుడు శక్తి కాలువ దాటి వచ్చాకే పెరుగుతుంది. వచ్చిన బలహీన సంకేతం కాలువలో దిగకముందే పెరుగుతుంది. ఆ పైన కాలువ ఎంత తిన్నా ఎవడికి నష్టం?

గాదంకిలోనే ఇది చేసి చూపించారు. అక్కడ 1280 మెగాహెర్ట్‌జ్ మీద నడిచే ఇంకో రాడార్ ఉంది. కింది గాలి కోసం కట్టుకున్న విండ్ ప్రొఫైలర్. యాగీ కడ్డీలు లేవు. పలక మీద అతికించిన రాగి పలుకులు, వాటినే ప్యాచ్ యాంటెన్నాలంటారు. పద్నారు వరసల్లో పద్నారేసి, మొత్తం 256. ప్రతి ప్యాచ్‌కూ దాని సొంత ట్రాన్సీవర్ మాడ్యూలు. మొత్తం శక్తి 1.2 కిలోవాట్లు. పంచితే ఒక్కోదాని వంతు 5 వాట్లు కూడా లేదు, ఎల్ఈడీ బల్బు పాటి. ఆ ఫ్రీక్వెన్సీ దరిదాపుల్లో సెల్‌ఫోన్ టవర్ల కోసం ట్రాన్సిస్టర్లు లక్షల్లో తయారవుతాయి. లక్షల్లో తయారయ్యే వస్తువు ఎప్పుడూ చవకే. కిలోవాట్లు ఇచ్చే ఒక్క పెద్ద గొట్టం చవక కాదు.

ఆ రాడార్‌లో నాకు మరీ నచ్చింది ఇంకోటి. ప్రతి యాంటెన్నాకూ ఫేజు మార్చే పరికరం పెట్టలేదు. 256 ఫేజు షిఫ్టర్లు, వాటి నియంత్రణ, వాటి ఖర్చు, వాటి రోగాలు, ఏవీ లేవు. ప్రొఫైలర్‌కు కావలసిన దిక్కులు నాలుగైదు మించవు కదా అని ఆలోచించారు. 1961లో జెస్సీ బట్లర్, రాల్ఫ్ లో అనే ఇద్దరు చెప్పిన బట్లర్ మ్యాట్రిక్స్ అనే అమరిక ఉంది. రాగి గీతలతో అల్లిన వల అది. దానికి పలు ద్వారాలు. ఈ ద్వారంలో సంకేతం పోస్తే బీమ్ ఇటు, ఆ ద్వారంలో పోస్తే అటు. కరెంటు అక్కర్లేదు, చెడిపోయేదేదీ లేదు. దాన్నే కాస్త మార్చి వాడారు. ఆ వలలో సంకేతం ఎంత నష్టపోయినా దిగులు లేదు, ఎందుకంటే ఆంప్లిఫయర్లు యాంటెన్నాల దగ్గరే ఉన్నాయి. రెండు ఆలోచనలు ఒకదానికొకటి భుజం ఇచ్చాయి. అవసరాన్ని తగ్గించుకుని అప్పుడు డిజైను చెయ్యడం అంటే నాకు అది గుర్తొస్తుంది.

పెద్ద ఎంఎస్‌టీ రాడార్ కూడా తర్వాత ఆ దారే పట్టింది. 32 పెద్ద ట్రాన్స్‌మిటర్ల చోట 1024 యాంటెన్నాలకూ ఒక్కో కిలోవాట్ సాలిడ్ స్టేట్ మాడ్యూళ్లు వచ్చాయి. జపాన్‌లోని ఎంయూ రాడార్ 1984లోనే ఇట్లా 475 యాంటెన్నాలకు 475 మాడ్యూళ్లతో నడిచింది. ఇందులో ఇంకో లాభం ఉంది. పాత పద్ధతిలో ఒక ట్రాన్స్‌మిటర్ పడిపోతే ఒక సాలంతా చచ్చినట్టే. ఇప్పుడు ఒక మాడ్యూలు పోతే వేయిలో ఒకటి పోయినట్టు. రాడార్ నడుస్తూనే ఉంటుంది, మర్నాడు నిచ్చెన తీసుకుని పోయి మార్చుకోవచ్చు. 1991లో హైదరాబాద్‌లో మొదలైన ఆస్ట్రా మైక్రోవేవ్ లాంటి సంస్థలు ఇలాంటి మాడ్యూళ్లు చేస్తున్నాయి. అంటే ఈ పని తెలిసిన చేతులు మనకు ఒక రాత్రి రైలు ప్రయాణం దూరంలోనే ఉన్నాయి.

ఇక నేను చేసిన ఒక తప్పు గురించి చెప్పాలి. నాలుగేళ్ల కిందట ఒక ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు నలుగురు నన్ను సాయం అడిగారు. లైసెన్సు అక్కర్లేని 2.4 గిగాహెర్ట్‌జ్ పట్టీలో నాలుగు ప్యాచ్‌ల అరే చేస్తామన్నారు. పచ్చ బోర్డుమీద ఒక్కో ప్యాచ్ పొడవు సుమారు 29 మిల్లీమీటర్లు, మధ్య ఎడం 61. పక్కపక్క ప్యాచ్‌ల మధ్య 90 డిగ్రీల తేడా ఇస్తే బీమ్ 30 డిగ్రీలు వంగుతుంది. ఆ బోర్డుమీద 90 డిగ్రీలంటే రాగి గీతను 17 మిల్లీమీటర్లు పొడిగించడం, అంతే. స్కేలుతో కొలిచే ఆలస్యం. పిల్లలకు ఆ మాట విని ముఖాలు వెలిగాయి. నేనే గీసిచ్చాను. బోర్డులు వచ్చాయి, మేడమీద పెట్టి చూస్తే ఎదురుగా రావలసిన శక్తిలో నాలుగో వంతే వస్తోంది. రెండు రోజులు తలలు పట్టుకున్నాం. ప్రతి కనెక్టరూ విప్పి బిగించాం. చివరికి ఆ గుంపులో అంతవరకు నోరు విప్పని పాప, బోర్డును కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుని, "సార్, మూడోదానికి గీత అటుపక్కనుంచి పోతోంది" అంది. నిజమే. జాగా ఇరుకై, గీత వంకర తిరక్కుండా ఉంటుందని మూడో ప్యాచ్‌ను నేను తలకిందులు చేశాను. ఎదురు అంచు నుంచి సంకేతం పోస్తే అల తిరగబడుతుంది, 180 డిగ్రీలు. మూడు ముందుకు లాగుతుంటే ఒకటి వెనక్కి లాగుతోంది. నాలుగులో మిగిలేది రెండు. సగం అల, శక్తిలో నాలుగో వంతు. లెక్క తప్పలేదు, నా గీత తప్పింది.

రెండో పాఠం ఆ తర్వాత వచ్చింది. సరిచేసి మళ్లీ తెప్పించిన బోర్డులు వేరే షీటు నుంచి వచ్చాయి. పచ్చ బోర్డు డైఎలక్ట్రిక్ స్థిరాంకం 4.4 అని పుస్తకాల్లో ఉంటుంది. షీటుకూ షీటుకూ అది 0.2 అటూఇటూ అయిందంటే ప్యాచ్ శ్రుతి 55 మెగాహెర్ట్‌జ్ దాకా జరుగుతుంది. అంత సన్నటి ప్యాచ్ శ్రుతి వెడల్పే అంతంతమాత్రం. అందుకని ఇప్పుడు నేను ఎవరికి చెప్పినా మొదట ఇదే చెబుతాను. షీటు కొనగానే మూలన ఒక ముక్క కత్తిరించి, ఒక్క ప్యాచ్ చేసి, కొలిచి, ఆ కొలతను బట్టి మిగతా డిజైను దిద్దుకోండి. విత్తనం మూటనుంచి పిడికెడు తీసి తడిగుడ్డలో మొలక కట్టి చూస్తాం చూడండి, అట్లా. చవక వస్తువు వాడేవాడు ఖరీదైన వస్తువు వాడేవాడికంటే ఎక్కువ కొలవాలి. బోర్డులో మిగిల్చిన డబ్బు కొలతలో పెట్టాలి. మన ఎండలూ లెక్కలోకి రావాలి. ఏప్రిల్‌లో మేడమీద బోర్డు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. కేబుళ్ల పొడుగూ, ఆంప్లిఫయర్ల ఫేజూ పొద్దునొక తీరు, మధ్యాహ్నమొక తీరు. అరేను నిలబెట్టి వదిలేస్తే కుదరదు, రోజూ శ్రుతి సరిచూసుకునే ఏర్పాటు దాని లోపలే ఉండాలి.

కొలత అనగానే కాలేజీలో చూసిన ఒక సంగతి నా మనసులో ముల్లులా గుచ్చుతుంది. మైక్రోవేవ్ కొలవడానికి వెక్టర్ నెట్‌వర్క్ అనలైజర్ కావాలి. యాంటెన్నాకు పోసిన సంకేతంలో ఎంత వెనక్కి తిరిగొచ్చింది, ఎంత ఫేజుతో వచ్చింది అని చూపేది అదే. పెద్ద కంపెనీలవి లక్షల్లో ఉంటాయి. ఆ నలుగురు పిల్లల కాలేజీలోనూ అది ఉంది. బీరువాలో, బట్ట కప్పి, తాళం వేసి. తనిఖీకి వచ్చినవాళ్లకు చూపడానికి తీస్తారట. నలుగురు పిల్లలు రెండు రోజులు తలలు పట్టుకుంటున్నప్పుడు ఆ తాళంచెవి ఉన్నాయన సెలవులో ఉన్నాడు. అది చేతిలో ఉంటే మూడో ప్యాచ్ సంగతి పది నిమిషాల పని. ఇవాళ నానోవీఎన్ఏ అని జేబులో పట్టేంత పరికరం కొన్ని వేల రూపాయలకు వస్తోంది. జపాన్‌లో ఒక ఇంజనీరు సరదాకొద్దీ గీసి అందరికీ వదిలేసిన డిజైను అది. 3 గిగాహెర్ట్‌జ్ దాకా కొలిచే రకాలున్నాయి. నాలుగు ప్యాచ్‌ల అరేకు అది చాలు, ఎనిమిదింటికీ చాలు.

అయివారి పేరుమీద పెట్టిన ఈ ఉపన్యాస నిధి వడ్డీని ఏం చేద్దామని వాళ్ల పిల్లలు నన్నడిగారు. ప్రతి యేడూ ఉపన్యాసం, శాలువా, కాఫీ ఖర్చు పోగా మిగిలేదాంతో ఆ పరికరాలు రెండు, మంచి కేబుళ్లు నాలుగు, మొలక కట్టి చూసుకోవడానికి పచ్చ బోర్డు షీట్లు కొని పెడదామన్నాను. ఒప్పుకున్నారు. మొదటి జత ఈ బల్లమీదే ఉంది, సభ అయ్యాక వచ్చి చూడండి. రెండు రోజుల క్రితం ఆ నలుగురిలో ఇద్దరు వచ్చి కొత్త ఎనిమిది ప్యాచ్‌ల బోర్డుకు దీంతోనే కొలతలు తీసుకుని పోయారు. పెట్టెకు తాళం వెయ్యలేదు. ఎవరు తీసుకుపోతే వాళ్లు పేరూ తేదీ రాసిపెట్టే నోటుపుస్తకం పక్కనే ఉంచాం. అందులో మొదటి పేరు ఆ పాపది.